బైరాన్‌పల్లి బురుజు: మృతుల పేర్లు, మన ఋణము



మన సంఘ వార్షికసభల సంచికలయందు పద్మశాలి కులోత్పత్తిని గూర్చియు, గోత్రములను గూర్చియు, మృత్యువును జయించిన మార్కండేయ మహర్షి మహిమను గూర్చియు, భావనాఋషి తామరతూడుల దారముతో దేవతలకు వస్త్రములు నేసిన కథను గూర్చియు వ్యాసములు వెలువడుట వాడుక. అవి వెలువడవలసినవే. అయినను కులచరిత్రము పురాణకాలముతో ముగియునది కాదు. మన తాతలును తండ్రులును కన్నులార జూచిన కాలము గూడ చరిత్రమే. ఆ కాలమున, 1947, 1948 సంవత్సరములయందు, నైజాము రాజ్యములోని తెలుగు పల్లెలలో సామాన్యజనులు గుంపులు గుంపులుగా చంపబడిరి. వారి జ్ఞాపకార్థము కొన్నిచోట్ల స్తూపములు, స్మారకశాలలు వెలసినవి. పెక్కుచోట్ల ఏమియు వెలయలేదు. వానిలో బైరాన్‌పల్లి వృత్తాంతమును ముఖ్యముగా జెప్పి, అట్టి స్మారకమునకు ప్రాణమేది, ఆ ప్రాణమును నిలుపుటలో మన సంఘము చేయదగిన పని యేది యను విషయమును సభవారికి విన్నవింపదలచితిమి.

పేరు లేనిదే తర్పణము లేదు

మన ధర్మశాస్త్రవిధి ననుసరించి తర్పణము విడుచువాడు మొదట గోత్రమును, పిమ్మట పేరును ఉచ్చరించి నీరు విడుచును. దర్భ యున్నను, తిలలున్నను, నదీజలమున్నను, పేరు చెప్పనిచో ఆ నీరు ఎవరికి చేరవలెనో తెలియదు. పెద్దలీ విధిని ఊరక యేర్పరుపలేదు. చనిపోయినవానికిని బ్రతికియున్నవానికిని మిగిలిన సంబంధ మొక్క పేరు మాత్రమే.

మహాభారతమున స్త్రీపర్వము జదివినవారికి ఈ సంగతి మరింత స్పష్టమగును. యుద్ధానంతరమున మృతులెందరని ధృతరాష్ట్రు డడుగగా ధర్మరాజు కోట్లకొలది సంఖ్య చెప్పినాడు. అయినను వ్యాసభగవాను డా సంఖ్యతో తృప్తినొందలేదు. గాంధారిచేత రణరంగమున బడియున్నవారి నొక్కొక్కరిని పేరుపెట్టి చూపించి విలపింపజేసినాడు. గంగాతీరమున ఉదకదానము జరుగునపుడు కుంతీదేవి, తన జీవితమంతయు దాచిన రహస్యమును బయలుపరచి, కర్ణుడు తన జ్యేష్ఠపుత్రుడని చెప్పినది. దోసెడు నీటికొఱకు ఆ పేరు పలుకవలసివచ్చినది. పేరు పలుకబడినపిమ్మటనే కర్ణునకు తమ్ముని చేతినుండి నీరు లభించినది.

స్మారకశాల యనునది గూడ నొక తర్పణమే. రాయి, సున్నము, శిల్పము, ఉద్యానము ఇవి దర్భలు, తిలలు వంటివి. పేర్లే దానికి ప్రాణము. ఈ మాట నుంచుకొని బైరాన్‌పల్లి కథను చూతము.

నాటి రాజ్యస్థితి

అసఫ్‌జాహీ వంశమువారి హైదరాబాదు సంస్థానము 1724 మొదలు 1948 వరకు నిలిచినది. ఏడవ నిజామగు మీర్ ఉస్మాన్ అలీ ఖాను 1911లో సింహాసనమెక్కెను. 1947 ఆగస్టు 15న దేశము స్వతంత్రమైనపుడు ఆయన భారతదేశమున జేరక విడిగా నుండదలచెను. 1947 నవంబరు 29న భారత ప్రభుత్వముతో నొక్క సంవత్సరకాలమునకు యథాతథపు టొడంబడిక జరిగినది. రాజ్యము ఎటు చేరునో తెలియని యా మాసములలో పల్లెలకు దిక్కు లేకపోయినది. మజ్లిసు సంస్థకు నాయకుడైన కాసిం రజ్వీ ననుసరించిన రజాకారు దళములు, పోలీసుల యండతో, ఎదురుతిరిగిన గ్రామములపై బడి దోచుటయు, తగులబెట్టుటయు, చంపుటయు నిత్యకృత్యమైనది.

జనగామ తాలూకాలో నంతకుముందే రైతులు మేల్కొనియుండిరి. 1930లో జోగిపేటయందు ప్రథమసభ జరుపుకొనిన ఆంధ్రమహాసభ, పదునైదేండ్లలో వెట్టిచాకిరికిని భూస్వాముల దౌర్జన్యమునకును ఎదురునిలుచు ప్రజాసంస్థగా మారినది. 1946 జూలై 4న కడవెండి గ్రామమున దేశముఖు మనుష్యుల తుపాకి గుండునకు దొడ్డి కొమరయ్య నేలకొరిగెను. అటుపిమ్మట ఆ ప్రాంతపు పల్లెలు గ్రామరక్షక దళముల నేర్పరచుకొనినవి. వారి యాయుధము లేమని యడుగుదురేని, కట్టెలు, బరిసెలు, వడిసెలలు, కొన్ని బర్మారు తుపాకులు. కారముపొడి గూడ నాడొక యాయుధమే.

1948 ఆగస్టు 27

బైరాన్‌పల్లి నేడు సిద్దిపేట జిల్లాలో, చేర్యాల సమీపమున నున్నది. ఊరినడుమ నొక ఎత్తైన బురుజు కలదు. పూర్వము దోపిడిగాండ్ర భయముచేత తెలంగాణములో పెక్కు గ్రామములవారు ఇట్టి బురుజులు కట్టుకొనిరి. బైరాన్‌పల్లివారు తమ బురుజును మరల కావలిగోపురముగా జేసికొనిరి. దానిపై రేయింబవలు కాపు నిలిచి, శత్రువు కనబడినంతనే నగారా మ్రోగించి ఊరిని మేలుకొలిపెడివారు. పొరుగు పల్లెలను దోచి పోవుచుండిన రజాకారుల నడ్డగించుటచేత ఆ గ్రామముపై వారికి పగ పుట్టినది. పగ దీర్చుకొనవచ్చిన వారిని గ్రామస్థులు రెండు పర్యాయములు తరిమికొట్టిరి. ఒక చిన్న పల్లె రెండుమారులు తమ్మోడించుట వారికి సహింపరాని యవమానమైనది.

మూడవమారు వచ్చినవారు రజాకారులు మాత్రమే కారు. పోలీసులును, నిజాము సైనికులును తోడై, ఫిరంగితో గూడ వచ్చిరి. 1948 ఆగస్టు 27 తెల్లవారుజామున ఊరు చుట్టుముట్టబడినది. బురుజుపై నగారా మ్రోగినది. వడిసెలలకును బర్మారు తుపాకులకును ఫిరంగి నెదిరించు శక్తి యెక్కడిది? గుండ్లు బురుజును దాకినవి. అందు నిలువచేసిన తుపాకిమందు అంటుకొనుటయు, పైనున్న కాపువారు మరణించుటయు జరిగినది. బురుజు పడగానే ఊరి రక్షణము ముగిసినది. దండు ఇండ్లలో జొరబడినది. పట్టుబడిన పురుషులను ఊరివెలుపలికి గొనిపోయి వరుసగా నిలిపి కాల్చిరి. ఇండ్లు తగులబడినవి. స్త్రీలు పొందిన యవమానములను ఆ యూరివారు చెప్పుదురు గాని, వానిని మేమిచ్చట విస్తరింపము. సమీపమందలి కూటిగల్లు గ్రామమునకును అట్టి దుర్దశయే పట్టినది.

ఇది జరిగిన 17 దినములకు, 1948 సెప్టెంబరు 13న, భారతసైన్యము మేజరు జనరలు జె. ఎన్. చౌదరి నాయకత్వమున హైదరాబాదు సరిహద్దులు దాటినది. 17వ తేదీన నిజాము లొంగిపోయెను. ఇరువదియొక్క దినములు ముందుగా వచ్చియుండినచో నను తలపు ఆ యూరివారికి నేటికిని కలుగుచునే యుండును. చరిత్రము అట్టి ప్రశ్నలకు బదులు చెప్పదు.

బురుజే స్మారకశాల

ఈనాడు బైరాన్‌పల్లికి బోవువారు మొదట చూచునది ఆ బురుజే. ఊరిలో అమరుల స్తూపము గూడ నెత్తబడినది. ప్రతి సంవత్సరము ఆగస్టు 27న మృతులను స్మరింతురు. ఊరి పేరుకు ముందు ‘వీర’ శబ్దము చేర్చి వీరబైరాన్‌పల్లి యని పిలుచుట ప్రజలే కల్పించిన బిరుదము. దేశమునందలి పెద్ద మ్యూజియములలో వస్తువులను తెచ్చి గాజుపెట్టెలలో నుంతురు. ఇచ్చటనో వస్తువు కదలలేదు. చూచువారే దానియొద్దకు రావలెను. దెబ్బతిన్న గోడయే తాళపత్రము.

అయితే నొక లోపము నిచ్చట నుడువక తప్పదు. ఆ దినమున మరణించినవారెందరు? కొన్ని గ్రంథములలో 96 మంది యని యున్నది. మరికొన్నింట 118 మంది యని యున్నది. రెండు సంఖ్యల నడుమ 22 మంది కలరు. ఆ యిరువదిరెండుగురెవరు? గాయపడి పిమ్మట మరణించినవారా? పొరుగూళ్ళనుండి వచ్చి తలదాచుకొనినవారా? కూటిగల్లువారిని గూడ కలిపిన లెక్కయా? వారికిని తల్లులుండిరి, గోత్రములుండెను, పేర్లుండెను. సంఖ్యలో భేదమున్నచోట పేర్ల పట్టిక యొక్కటే తీర్పు చెప్పగలదు.

పేరు లేకపోవుటచే కలుగు నష్టము పరలోకమునకు సంబంధించినది మాత్రమే కాదు. ఆ యూరి కుటుంబములవారు స్వాతంత్ర్యయోధుల పింఛనుకొఱకు సంవత్సరముల తరబడి కార్యాలయముల చుట్టు తిరిగిరి. తుపాకిగుండు తగిలినవానికి ధ్రువపత్రము ఇచ్చునదెవరు? కాలిపోయిన యింటిలో కాగితము మిగులునా? నాడే యెవరైన నొక పుస్తకమున ఊరి పెద్దల యెదుట పేర్లు వ్రాసి వ్రేలిముద్రలు వేయించియుండినచో ఆ విధవల నడక కొంత తగ్గియుండెడిది.

పరకాల అమరధామము

బైరాన్‌పల్లికి సుమారొక సంవత్సరము ముందు, 1947 సెప్టెంబరు 2న, వరంగల్లు సీమయందలి పరకాలలో జాతీయపతాకము నెగురవేయుటకు చుట్టుపట్ల గ్రామములనుండి జనులు ఊరేగింపుగా వచ్చిరి. వారిపై కాల్పులు జరిగి 22 మంది మరణించిరి. ఆ దినమునుబట్టి పరకాలను తెలంగాణపు జలియన్‌వాలాబాగని పిలుచుట వాడుకయైనది. అచ్చట 2003లో చెన్నమనేని విద్యాసాగరరావుగారు తమ తల్లి చంద్రమ్మగారి స్మృత్యర్థము అమరధామమును నిర్మింపజేసిరి. నాటి కాల్పుల దృశ్యమును, పడిపోయినవారిని, పరుగెత్తువారిని శిల్పములుగా నచ్చట చూపిరి. చదువురాని పిల్లవాడు గూడ దానిని జూచి, ఇచ్చట నేమి జరిగినదని యడుగును. అడిగించుటయే స్మారకమునకు సగము పని.

తల్లి పేర కట్టిన ధామము ఇందరి తల్లుల బిడ్డలకు నెలవగుట యుచితముగా నున్నది. పోషక మహాశయులు గమనింపదగిన సంగతి యిది: దానము చేయువాడు తన వంశస్మృతిని ఊరి స్మృతితో కలిపినపుడు రెండును నిలుచును.

దేశాంతరములలో నేమి చేసిరి

1919 ఏప్రిలు 13న అమృతసరమునందలి జలియన్‌వాలాబాగులో డయ్యరు సైనికులు 1650 గుండ్లు కాల్చిరి. దొరతనమువారి లెక్కలో మృతులు 379 మంది. ఈ సంఖ్య దొరతనమువారు తమంతట శ్రమించి తెచ్చినది కాదు. సేవాసమితివారు ఇల్లిల్లు తిరిగి పేర్లు వ్రాసి పట్టిక సిద్ధపరచగా, హంటరు విచారణ సంఘమువారు దాని నంగీకరింపవలసివచ్చినది. వాస్తవమున మరణించినవారు అంతకంటె చాల నెక్కువ యని కాంగ్రెసువారు వాదించిరి. అయినను ఆ పట్టిక లేనిచో దొరతనమువా రంతకంటె తక్కువ చెప్పి యుందురు. సైన్యము గాని ధనము గాని లేని సేవాసంఘ మొకటి సామ్రాజ్యముచేత సత్యము నొప్పించిన విధమిది. సంఘములు చేయగలిగిన పని యేదని శంకించువారికి ఇదే సమాధానము.

ఫ్రాన్సు దేశమున ఒరాదూర్-సూర్-గ్లాన్ అను పల్లె కలదు. 1944 జూను 10న జర్మను దళమువారు అచ్చటి పురుషులను కొట్టములలో కాల్చి, స్త్రీలను పిల్లలను దేవాలయమున నుంచి నిప్పుపెట్టిరి. మృతులు 642 మందియని లెక్కింపబడినది. జనరలు డిగాలు ఆ శిథిలగ్రామమును అట్లే యుంచుడని యుత్తరువు చేసెను. ప్రక్కన క్రొత్త ఊరు కట్టిరి. కాలిన యిండ్లు, కుట్టుమిషనులు, తుప్పుపట్టిన కార్లు నేటికిని వీధులలో నున్నవి. 1999లో అచ్చట నొక స్మృతికేంద్రము తెరువబడినది. అన్నింటికంటె మాకు గొప్పగా దోచిన సంగతి వేరొకటి. దాదాపు 76 సంవత్సరములు గడచిన పిమ్మట, 2020లో, స్పెయిను దేశమునుండి శరణార్థిగా వచ్చి యచ్చట మరణించిన యొక స్త్రీ పేరు పరిశోధకుల శ్రమచే బయటపడినది. అంతట మృతుల సంఖ్యను 643గా సవరించిరి. ఒక్క పేరుకొఱకు అంత శ్రమ యేలయని వారనుకొనలేదు. కుంతీదేవి పలికిన పేరు గూడ నొక్కటియే.

ఒకవైపు మాత్రమే చూపు అద్దము

కాశ్మీర రాజుల చరిత్రమును 12వ శతాబ్దమున సంస్కృతమున రచించిన కల్హణుడు, గతమును చెప్పువాడు న్యాయాధిపతివలె రాగద్వేషములను విడువవలెనని తన గ్రంథారంభమున నియమము పెట్టుకొనెను. 1948 వృత్తాంతమును చెప్పువారికి ఆ నియమ మత్యవసరము.

రజాకారుల దుష్కృత్యములను ముసల్మాను మతమునకు గాని ముసల్మాను జనులకు గాని అంటగట్టుట యసత్యము. హైదరాబాదునందు ‘ఇమ్రోజ్’ అను ఉర్దూ పత్రికను నడిపిన షోయబుల్లాఖాను, రజాకారుల పోకడలను ఖండించి, హైదరాబాదు భారతదేశమున చేరవలెనని వ్రాసినందుకు 1948 ఆగస్టు 21 రాత్రి నడివీధిలో నెదుర్కొనబడి దారుణముగా చంపబడెను. అది బైరాన్‌పల్లి దినమునకు ఆరు దినములు ముందు. అతని పేరు లేని స్మారకశాల అసంపూర్ణము.

అంతేకాదు. పోలీసుచర్య ముగిసిన పిమ్మట, ముఖ్యముగా మరాఠీ, కన్నడ జిల్లాలయందు, ముసల్మాను జనులపై ప్రతీకారహింస చెలరేగినది. దానిని విచారించుటకై పండిత సుందరలాలు, కాజీ అబ్దుల్ గఫారు మొదలగువారు 1948 నవంబరు, డిసెంబరు మాసములలో ఆ జిల్లాలు తిరిగి నివేదిక సమర్పించిరి. మృతులు 27,000 మొదలు 40,000 వరకు నుందురని వారి యంచనా. ఆ నివేదిక పెక్కు దశాబ్దములు ప్రజలకు దొరకక, 2013 ప్రాంతమున ఢిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయమున చూచుటకు వీలైనది. బైరాన్‌పల్లి మృతులకు కన్నీరు విడుచువాడు ఉస్మానాబాదు మృతులను మరచుట న్యాయము కాదు. అచ్చట చచ్చినవారు గూడ రజాకారులు మాత్రమే కారు. దుకాణదారులు, కూలివాండ్రు, చేతిపనివారు, పసివాండ్రు.

ఈ నివేదికలో మన కులమువా రందరు చదువవలసిన వాక్యములు కొన్ని కలవు. ఒకే వృత్తివారి నడుమ నుండిన యాత్మీయత ఆ కష్టకాలమున పెక్కుచోట్ల నిలిచినదనియు, విశేషించి హిందూ నేతగాండ్రు ముసల్మాను నేతగాండ్రను తమవారి దాడులనుండి కాపాడిరనియు, అట్లు కాపాడుటలో కొందరు ప్రాణములు గూడ గోల్పోయిరనియు వారు వ్రాసిరి. సభ్యులారా! మగ్గము మీద పడుగునకు పేకకు మతభేదము లేదను సంగతిని గ్రంథములు చదివి గాక, గుంటలో కాళ్ళు పెట్టి నేర్చినవారు వారు. పొరుగు మగ్గమువానిని చంపవచ్చిన తనవారి కడ్డు నిలిచి చచ్చుట, శత్రువు నెదిరించి చచ్చుటకంటె తక్కువ వీరత్వమా?

కాని వారి పేర్లేవి? నివేదిక వృత్తి చెప్పినది, పేర్లు చెప్పలేదు. వారిలో పద్మశాలీలెందరో, ఇతర నేతశాఖలవారెందరో చెప్పలేదు. ఏ స్తూపము మీదను వారు లేరు. ఏ పక్షమువారికిని వారి కథ పనికిరాదు గనుక ఏ పక్షమువారును వారి సభలలో దానిని చెప్పరు. ఈ లోకమున వారికి బంధువులెవరైన నున్నచో అది చేతివృత్తిచే బంధువులమైన మనమే. ఈ సంచికయం దీ వ్యాసము వ్రాయుటకు ముఖ్యకారణ మిదియే.

ఒక తేదీ, పలు పేర్లు

సెప్టెంబరు 17 వచ్చినపుడెల్ల ఆ దినమునకు ఏ పేరు పెట్టవలెనని వాదము చెలరేగుచున్నది. విమోచనమని కొందరు, విలీనమని కొందరు, విద్రోహమని మరికొందరు. 2022లో కేంద్రప్రభుత్వమువారు హైదరాబాదు విమోచన దినముగా నుత్సవము చేయగా, రాష్ట్రప్రభుత్వమువారు జాతీయ సమైక్యతా దినముగా జేసిరి. 2024లో రాష్ట్రమున ప్రభుత్వము మారియుండగా ప్రజాపాలన దినోత్సవమని పేరిడిరి. దినమునకు పేరు పెట్టుట ప్రభుత్వముల యధికారము. అందు మేము చొరబడము. మా విన్నప మొక్కటే. దినమునకు పేరు వెదకుటలో చూపిన శ్రద్ధలో పదియవవంతు మృతులకు పేరు వెదకుటలో చూపియుండినచో, ఈపాటికి 96, 118 అను సంఖ్యల చిక్కు విడిపోయి యుండెడిది.

మన అడవిసీమ సంగతి

చండ్రుగొండ ప్రాంతమున నున్న మనము బైరాన్‌పల్లి మనకు దూరమని తలపరాదు. నాడు మన యీ సీమ నైజాము రాజ్యపు తూర్పు అంచు. గోదావరి దాటినచో భద్రాచలము తాలూకా మద్రాసు ప్రభుత్వము క్రింద నుండెను. అది ఖమ్మము జిల్లాలో గలిసినది 1959లో. ఇట్లు నది యొక రాజ్యపు గోడవలె నుండుటచేత, ఈవలి హింసకు వెరచినవారికి ఆవలి యొడ్డు శరణ్యమైనది.

1948 సెప్టెంబరుతో ఇచ్చటి కష్టము తీరలేదు. రజాకారులు పోయినపిమ్మట కమ్యూనిస్టు దళములు మైదానపు పల్లెలు విడిచి గోదావరికి రెండుప్రక్కల నున్న యడవులలో చేరినవి. వారిని పట్టుటకై సైన్యము, పోలీసులు అడవిలో ప్రవేశించిరి. దళములకు తిండి దొరకకుండ చేయుటకై చెదరియున్న కోయగూడెములను ఖాళీచేయించి, జనులను రహదారుల ప్రక్కన శిబిరములలోనికి తోలిరి. పోడు విడిచి, ఇప్పచెట్టు విడిచి, వేల్పులను విడిచి వచ్చిన యా జనులలో వ్యాధులచేతను ఆకలిచేతను మరణించినవారు పెక్కురు. పుచ్చలపల్లి సుందరయ్యగారు 1972లో ప్రచురించిన తెలంగాణ పోరాట గ్రంథమునం దీ శిబిరముల వృత్తాంతము కలదు. 1951 అక్టోబరు 21న సాయుధపోరాటము విరమింపబడినది. అందు దళములవారి పక్షమేది, ప్రభుత్వపక్షమేది యని తీర్పు చెప్పుట మా యుద్దేశము కాదు. నడుమ నలిగిన కోయలకు పక్షము లేదు. వారి పేరు వ్రాసిన రాయియు లేదు.

అడవిపల్లెల సంతలలో మనవారు నేసిన ముదుక చీరలును పంచెలును కొని కట్టినవారు ఆ కోయలే. మన కుండలో గింజలు వారి చేతులమీదుగా వచ్చినవి. కులసంఘము కులమువారిని మాత్రమే స్మరింపవలెనను నియమ మెక్కడను లేదు. బైరాన్‌పల్లి వరుసలో నిలిపి కాల్చినవారు వారి కుల మడుగలేదు.

పటము చుట్టిన కులము

స్మారకశాల కట్టుటకు ధనమెక్కడిదని సభ్యులు శంకింపవచ్చును. మన కులమున స్మారకశాల యెన్నడో యున్నది. అది గోడలు లేనిది. కూనపులివారు మన వాకిళ్ళకు వచ్చి, పొడవైన పటమును విప్పి, బొమ్మ వెంట బొమ్మ జూపుచు మార్కండేయ, భావనాఋషుల కథను రాత్రులు రాత్రులు గానము చేసెడివారు. ఆ పటము మన మగ్గముపై నేసిన బట్టయే. దానికి గంజియు, తెల్లసుద్దయు, చింతగింజల బంకయు పట్టించి రంగులు దిద్దినవారు చేర్యాల నకాషీలు. చేర్యాల యనగా బైరాన్‌పల్లికి పొరుగూరు! బురుజు కూలిన నేలకును, మన కులకథ చిత్రింపబడిన నేలకును దూరము కొలది మాత్రమే. నేయువాడొకడు, చిత్రించువాడొకడు, పాడువాడొకడు, వినువారు వేరు. ఇన్ని చేతులమీదుగా మన కథ వందలయేండ్లు చెడక వచ్చినది. అట్టి కులమునకు పేర్లు నిలుపుట క్రొత్తవిద్య కాదు.

కావున మేము సంఘమువారి యెదుట నుంచు ప్రార్థన లివి.

మొదటిది, ఊరికొక పుస్తకము. అందు 1947 మొదలు 1951 వరకు హింసచేత మరణించినవారి పేరు, ఇంటిపేరు, తండ్రి లేక భర్త పేరు, వృత్తి, మరణించిన చోటు, చెప్పినవారి పేరు వ్రాయవలెను. కులము, మతము, పక్షము ఏదైనను వ్రాయవలెను. వినికిడిని వినికిడియనియు, కన్నులార చూచినదానిని చూచినదనియు వేరుచేసి వ్రాయవలెను. రెండు మాటలు పొసగనిచో రెండును వ్రాయవలెను గాని, ఒకదానిని కొట్టివేయరాదు.

రెండవది, వృద్ధుల వాఙ్మూలము. ఆనాడు పదియేండ్ల బాలుడు నేడు ఎనుబదియైదు దాటిన వృద్ధుడు. మేము గూడ ఆ దినములకు తరువాత జన్మించినవారమే. విన్నవారమే గాని కన్నవారము కాము. కన్నవారు ప్రతి సంవత్సరము తగ్గిపోవుచున్నారు. నేటి పిల్లల యందరి చేతులలోను స్వరమును బొమ్మను పట్టియుంచు ఫోనులు కలవు. సెలవుదినములలో మన విద్యార్థులు ఒక్కొక్క వృద్ధునియొద్ద ఒక గంట కూర్చుండినచో చాలును. మాటలాడ నిష్టపడనివారిని, ముఖ్యముగా స్త్రీలను, బలవంతము చేయరాదు. వారి మౌనము గూడ గౌరవింపదగినదే.

మూడవది, వస్తురక్షణము. అటుకలపై పడియున్న బరిసె, వడిసెల, నాటి రాట్నము, శిబిరపు రేషను చీటి, ఉత్తరము, ఛాయాచిత్రము, ఏదైనను తూకమునకు అమ్మవలదు. సంఘభవనమున నొక గది, ఒక బీరువా చాలును. వస్తువుతోపాటు అది యెవరిదో తెలుపు చీటి యుండవలెను. పేరు లేని వస్తువు పాతయినుము. పేరున్న వస్తువు చరిత్రము.

నాల్గవది, పటము. పట్టిక సిద్ధమైనపిమ్మట మన మగ్గముపై నేసిన బట్టమీద చేర్యాల చిత్రకారులచేత ఆ కాలపు కథను వ్రాయింపవలెను. అందు బైరాన్‌పల్లి బురుజుండవలెను, గోదావరి దాటు జనులుండవలెను, గూడెము విడుచు కోయలుండవలెను, షోయబుల్లాఖానుండవలెను, పొరుగు నేతగానికి అడ్డునిలిచిన నేతగాడుండవలెను. అతని ముఖము చిత్రకారుడు ఊహించి వ్రాయుగాక. అతని పేరున్నచోట తెల్లబట్ట నట్లే విడువవలెను. ఆ ఖాళీని జూచిన పిల్లలెవరైన వెదకి పేరు తెచ్చినపుడు పూరింతము.

పోషక మహాశయులు చలువరాతికిని ద్వారబంధమునకును ధనమిచ్చునపుడు, ఈ పుస్తకములకును, ప్రయాణపు ఖర్చులకును, చిత్రకారుని కూలికిని గూడ కొంత వేరుపరుప ప్రార్థన. రాతిమందిరము ఆలస్యమైనను చెడదు. మనుష్యుని జ్ఞాపకము ఆలస్యమైనచో చెడును.

మార్కండేయుడు మృత్యువును జయించినాడని మనము ప్రతియేట ఉత్సవము చేయుచున్నాము. మనుష్యమాత్రులకు ఆ జయము లేదు. ఒకని మరణానంతరము అతని పేరును మరియొకడు పలుకుటయే మనకు దక్కిన కొద్దిపాటి జయము. ఆ పేర్లను వెదకు పని ఈ సభయందే మొదలగుగాక యనియు, వచ్చు సంచికయందు వ్యాసములకంటె ముందు పేర్ల పట్టిక యచ్చుపడుగాక యనియు కోరి విరమించుచున్నాము.